దాచిపెట్టిన గొంతు

తలుపు మూసుకోగానే దాని నెత్తిన ఎర్ర దీపం వెలిగింది. అది వెలిగినంతసేపూ లోపల స్కాన్ బల్ల మీద ఆయన కదలకూడదు, మింగకూడదు, దగ్గు వచ్చినా ఆపుకోవాలి, మాట్లాడకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ లేదు, ఆ కట్టడి ఆయన భార్యే పెట్టి రెండు నెలలు దాటిపోయింది. ఆమె కూర్చున్న ఇనప బెంచీ చల్లగా ఉంది. ఆస్పత్రికి ఇది అట్టడుగు అంతస్తు, కిటికీల్లేవు, పొద్దెక్కిందో వాలిందో వచ్చేపోయేవాళ్ళ మొహాల్ని బట్టి తెలుసుకోవాల్సిందే, ఆ సంగతి ఎవరికో తట్టి ఎదురుగోడ నిండా ఒక అడవి బొమ్మ అతికించారు, ఒక మూల కాగితం లేచి చెట్టు మొదట్లో సున్నం కనిపిస్తోంది, కూర్చోలేక కూర్చున్నవాళ్ళెవరో దాన్ని గోటితో ఇంకాస్త లాగి ఉంటారు, ఆమెకీ లాగాలనే ఉంది. ఇందాక పక్క గదిలో రేడియేషన్ డాక్టరమ్మ, కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని మళ్ళీ వాటికోసం బల్లంతా తడుముకునే మనిషి, తన గొంతు మీదే వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ గట్టిగా తగులుతుంది చూశారా, ఈ చిప్ప. లోపలి గడ్డ దీన్ని దాటిందా లేదా అన్నది మీరు తెచ్చిన స్కాన్‌లో తేలట్లేదు. మళ్ళీ తీయిస్తాను. దాటకపోతే అది నా పని, కరెంటు పెడతాను, గొంతు ఆయనకే ఉంటుంది, కాస్త బొంగురుపోయినా ఆయన గొంతే. దాటి ఉంటే మాత్రం నేనే మిమ్మల్ని మళ్ళీ పైకి, సర్జన్ దగ్గరికి పంపిస్తాను." దాటకపోతే అన్నప్పుడు ఆవిడ ఆయన వైపు చూసింది, దాటి ఉంటే అన్నప్పుడు ఈమె వైపు చూసింది. ఎందుకలా చూసిందో, ఎవరికి ఏది ఎక్కువ కావాలో అంతలోనే ఎలా పసిగట్టిందో.

"ఎంతసేపట?" అంది పక్కన కూర్చున్న పెద్ద ఆడపడుచు. ఒడిలో సంచీ, సంచీలో మంచినీళ్ళు, బిస్కట్లు, మడతపెట్టిన దుప్పటి, ఆస్పత్రికైనా రైలు ప్రయాణానికైనా ఆవిడది అదే సంచీ.

"గంట పట్టొచ్చన్నారు వదినా."

"గంటా? నా పెళ్ళికి కూడా అంతసేపు తీయలేదు ఫోటోలు."

"ఇది ఫోటో కాదు వదినా."

"ఏదో ఒకటిలే. వాడికి చిన్నప్పటినుంచీ కుదురుగా పడుకోవడం రాదు. ఆ సంగతి ముందే చెప్పాల్సింది వాళ్ళకి."

ఆవిడ నోరు అలాంటిది, లోపల భయం పుట్టిన కొద్దీ బయట హాస్యం పుడుతుంది. ఆ హాస్యం ఆగిపోయిన రోజు ఒకటుంది. సర్జన్ ఇచ్చిన తేదీకి తమ్ముణ్ణి తీసుకెళ్ళకుండా, ఇంకో డాక్టర్ని చూద్దాం, ఇంకో దారి ఉందేమో అడుగుదాం అని ఈమె అన్న రోజు, వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె ఉన్న సంగతి మర్చిపోయి, "అసలు నీకు మొగుడు కావాలా, మొగుడి గొంతు కావాలా?" అనేసింది. అని తనే ఏడ్చింది. ఈమె ఏడవలేదు, జవాబూ చెప్పలేదు, గరిటె అందుకుని కడిగి పెట్టింది. జవాబు లేక కాదు. రెండూ వేరువేరని ఆ రోజుదాకా ఆమెకి తెలియదు.

తెలియదు, ఎందుకంటే ఆయన కన్నా ముందు ఆయన గొంతే వచ్చింది. కాలేజీకి వెళ్ళే రోజుల్లో బస్టాండులో, దూలాలకి కట్టిన మైకు గరాటుల్లోంచి, ప్రయాణికులకు మనవి, అని మొదలయ్యేది. అంతమంది అరుపుల్లో, హారన్లలో, పసిపిల్లల ఏడుపుల్లో ఆ గొంతు ఎవరినీ తోసుకోకుండా దారి చేసుకుని వచ్చేది. ఊళ్ళ పేర్లు ఒకటొకటే చెప్పేవాడు, ప్రతి ఊరి పేరుకీ ముందు కాస్త ఆగేవాడు, ఆ ఊరివాళ్ళు తలెత్తడానికి వీలుగా. ఆమె ఎక్కాల్సిన బస్సు పేరు చెప్పినప్పుడు తననే పిలిచినట్టుండేది. భారీ మనిషి అనుకుంది, బుర్రమీసాలు ఉంటాయనుకుంది. ఆ తర్వాత ఎప్పుడో, అమ్మానాన్నలు సంబంధాలు చూస్తున్నప్పుడు, అక్కని వెంటబెట్టుకుని ఒక సన్నటి మనిషి ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు, చెవులు తప్ప ఇంకేమీ కనిపించని మనిషి, మాటలన్నీ అక్కే మాట్లాడింది. చివరికి ఎండకి తాళలేక, "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు. గది తలుపు చాటున నిలబడ్డ ఆమె చేయి గోడకి ఆనించుకుంది. ఆ మాట గరాటులోంచి రాలేదు, పది అడుగుల దూరంలోంచి వచ్చింది, మైకు లేకుండా, ఊరి పేరు లేకుండా. నీళ్ళు తనే తీసుకెళ్ళింది. ఆయనకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు, చెప్పే సందర్భం రాలేదు, ఏ సందర్భంలో చెప్తారు ఎవరైనా, నేను నిన్ను కాదు నీ గొంతుని చూసి సరేనన్నాను అని.

తీరా కాపురానికి వస్తే ఇంట్లో ఆ గొంతు లేదు. ఊరందరితో మాట్లాడి మాట్లాడి వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులతోపాటే మాటలూ విడిచేవాడు. ఊఁ, సరే, చూద్దాం, ఇదిగో. అంతే. కోపం కాదు, అలక కాదు, అలసట. అన్నం తింటూ తలూపేవాడు, పాప పుట్టినప్పుడు కూడా కళ్ళతోనే నవ్వాడు, ఈమెదీ పెద్దగా మాట్లాడే తత్వం కాదు కాబట్టి ఆ ఇంట్లో గడియారం, కుక్కర్, ఆడపడుచు వస్తే ఆడపడుచు మాత్రమే మాట్లాడేవి. అందుకని ఒక దొంగ అలవాటు చేసుకుంది. దర్జీ కొట్లో కాజాలు, బొత్తాలు కుట్టే పని ఆమెది, మధ్యాహ్నం పని తెమిలాక ఇంటికి దగ్గరి దారి ఉన్నా చుట్టూ తిరిగి బస్టాండు మీదుగా వచ్చేది. ఒక బెంచీ చూసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఏదో బస్సు కోసం చూస్తున్నదానిలా కూర్చునేది. పైన గరాటులోంచి ఆయన. ఫలానా ఊరు వెళ్ళు బస్సు ఫలానా ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉన్నది. తప్పిపోయిన పిల్లవాడు విచారణ గది వద్ద ఉన్నాడు, తల్లిదండ్రులు వెంటనే రాగలరు. అలాంటప్పుడు ఆయన గొంతు మెత్తబడేది, ఆ పిల్లవాడు పక్కనే నిలబడి వింటుంటాడని. ఒక్క రోజు కూడా ఆయన గది అద్దం దగ్గరికి వెళ్ళలేదు, కనిపించలేదు. ఎవరైనా ఏ బస్సమ్మా అని అడిగితే, ఇంకా రాలేదండి, అనేది. అబద్ధం కూడా కాదది. వస్తుందని ఎదురుచూసింది ఇంటికి వచ్చాక మాట్లాడే గొంతు కోసం, అది ఇంకా రాలేదు.

దీపం ఎర్రగానే ఉంది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు, విసుర్రాయిలా మొదలై మెల్లగా ఈలలా సన్నబడుతోంది. ఆయనకి చలేస్తోందేమో, చొక్కా గుండీలు విప్పి పడుకోబెట్టారు. సిగరెట్టు మానమని ఎన్నేళ్ళు చెప్పింది, మైకు గది వెనక మెట్ల మీద నిలబడి కాల్చేవాడు, మానానని చెప్పి కాల్చేవాడు. మొదట ఒక పొడుగాటి ఊరి పేరు మధ్యలో గొంతు విరిగింది. బెంచీ మీద పక్కనున్నవాళ్ళు నవ్వారు, ఆమె నవ్వలేదు. జలుబన్నాడు. వేడినీళ్ళన్నాడు. తేనె అన్నాడు. ఆ విరుపు ఒక పేరులోంచి ఇంకో పేరులోకి పాకి చివరికి మనవి అన్న మాట దాకా వచ్చాక గానీ ఆస్పత్రికి కదల్లేదు. అక్కడ సర్జన్, మంచివాడే, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ సూటిగా చెప్పేశాడు. "గొంతుపెట్టె తీసేయాలి. మెడ దగ్గర రంధ్రం పెడతాం, అక్కణ్ణుంచే ఊపిరి. ఆలస్యం చేయకండి." ఆయన తలూపాడు. ఇంట్లో అన్నానికి తలూపినట్టే ఊపాడు. ఈమెకి ఆ తలూపుడు మీద వచ్చినంత కోపం జీవితంలో దేని మీదా రాలేదు.

బస్టాండులో ఒక డ్రైవరు చెప్పాడు. "మా అన్నకీ గొంతులోనేనమ్మా. కోయకుండా కరెంటు పెట్టారు. ఇప్పటికీ శుభ్రంగా తిడుతున్నాడు నన్ను, రోజూ ఫోన్ చేసి మరీ." కరెంటు పెట్టే డాక్టరు ఎక్కడుంటాడో మాత్రం అతనికి తెలియదు. అక్కణ్ణుంచి మొదలైంది తిరుగుడు. లోపలి భాగాలు కనిపించేలా ఏదో వెలుగు పంపిస్తారు కదా, ఆ వెలుగే ఎక్కువ పెడితే గడ్డ మాడుతుంది కాబోలు అనుకుని ముందు ఎక్స్‌రే తీసే చోటికి తీసుకెళ్ళింది ఆయన్ని. అక్కడి మనిషి ఆమె చెప్పిందంతా విని, పాపం నవ్వు ఆపుకుని, "అమ్మా, నేను ఊపిరి బిగబట్టమంటాను, వదలమంటాను. నా వైద్యం అంతే," అన్నాడు. అతను ఇంకో డాక్టరు పేరు చెప్తే, ఆ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఎన్నాళ్ళో ఆగి, చీకటి గదిలో తెరల ముందు కూర్చున్న ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పెద్దాయన, ఓపికమంతుడు. "నేను స్కాన్లు చూసి ఇక్కడ ఇది ఉంది అని చెప్పేవాణ్ణమ్మా. దాన్ని పోగొట్టేవాణ్ణి కాను. రేడియాలజీ, రేడియేషన్, రెండు పేర్లూ ఒకేలా వినిపిస్తాయి, జనం ఎప్పుడూ నా దగ్గరికే వస్తారు ముందు. మీకు కావలసిందెవరో చెప్తాను వినండి," అని ఈ నేలమాళిగకి దారి చెప్పాడు. తీరా ఇక్కడికి వచ్చాక, పెద్ద మెషీను గది బయట కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రవాణ్ణి చూసి, ఇతనే అయ్యుంటాడని, ఆయన గొంతు మీరే కాపాడాలి బాబూ అని చేతులు పట్టుకుంది. అతను కంగారుపడి లేచి నిలబడ్డాడు. "నేను నడిపేవాణ్ణేనండి. ఎక్కడ పడాలో చెప్పేది డాక్టరమ్మ." ఒక గొంతుని కాపాడుకోవడానికి ఇన్ని గడపలు, ఒక్కో గడప దగ్గరా కొన్ని రోజులు జారిపోయాయి, అవి జారుతున్నప్పుడు తెలియలేదు, వెతుకుతున్నామనే ధీమాలో గడిచిపోయాయి.

నడిపేవాళ్ళు వేరు, ఎక్కడ పడాలో చెప్పేవాళ్ళు వేరు. ఆ మాట మొదట అర్థం కాలేదు. మెషీను ఉంది, కరెంటు ఉంది, మీట నొక్కితే పడుతుంది, మధ్యలో ఈ డాక్టరమ్మ చేసేదేమిటి? ఇందాకే అడిగింది కూడా, మొహమాటం చంపుకుని. డాక్టరమ్మ నవ్వి కంప్యూటర్ తిప్పి ఎవరిదో మెడ చూపించింది, అడ్డంగా కోసిన దుంప ముక్కలా బూడిదరంగులో ఉంది, దాని మీద సన్నటి రంగురంగుల గీతలు. "ఇవి గీసేది నేను. ఇలాంటి ముక్కలు ఒక్కో మనిషికి బోలెడుంటాయి, ప్రతి ముక్క మీదా గీస్తాను. ఎర్ర గీత లోపల పడాలి. ఈ ఆకుపచ్చది వెన్నుపాము, దీనిమీద పడకూడదు. ఇవి లాలాజలం ఊరే గ్రంథులు, వీటిని వీలైనంత తప్పించాలి, లేకపోతే నోరెండిపోయి మెతుకు దిగదు. పడాల్సిన చోటు గీయడానికి ఒక పూట చాలు. పడకూడని చోట్లు గీయడానికే నా రోజంతా పోతుంది." అప్పుడు అర్థమైంది కొంచెం. ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో, ఏ ఊళ్ళో ఆగకుండా పోవాలో ఎవరో ఒకరు ముందే కూర్చుని గీస్తారు కదా. ప్రయాణికులకి డ్రైవరు కనిపిస్తాడు, దారి గీసినవాళ్ళు కనిపించరు.

సగం తెరిచిన ఒక తలుపులోంచి ఇనప అరలు కనిపిస్తున్నాయి, అరల నిండా మొహాలు. మొదట ఉలిక్కిపడింది. తెల్లటి జల్లెడ లాంటి ముసుగులు, వేడినీళ్ళలో మెత్తబరిచి మొహం మీద ఒత్తితే ఆ మనిషి ఆకారానికే బిగుసుకుంటాయట, రోజూ మెషీను కింద తల వెంట్రుకవాసి కదలకుండా. ఒక్కోదానికి ఒక్కో ముక్కు, ఒక్కో గడ్డం, కళ్ళు లేవు, లోపల ఎవరూ లేరు. ఒకదాని మీద ఎవరో పసుపుపచ్చ సీతాకోకచిలుక అతికించారు, చిన్న మొహమది, అటు చూడలేకపోయింది. రెండో అరలో చివర ఒక ఖాళీ ఉంది. ఎన్ని కోరికలు కోరింది ఇన్నేళ్ళలో, ఇల్లని, పాప చదువని, ఎప్పుడైనా ఒక సముద్రం చూడాలని, ఏదీ ఇంత గట్టిగా కోరుకోలేదు, ఆ ఖాళీలో ఆయన చెవుల దగ్గర కాస్త వెడల్పుగా ఉండే ఒక ముసుగు కూర్చోవాలని. రోజూ తీసుకొస్తుంది. వారాల తరబడి తీసుకొస్తుంది. గొంతు ఎండితే తడుపుతుంది, మెతుకు దిగకపోతే జావ కాస్తుంది, ఇంకొకరు ఆ ముసుగుని చూసి జాలిపడితే పడనీ. దాటకపోతే. ఒక్క చిప్ప, పిల్లల పలకంత కూడా లేని చిప్ప, దాన్ని దాటకపోతే.

అందుకేగా గొంతు దాచింది. సర్జన్ మాట విన్న రోజు రాత్రే కట్టడి పెట్టేసింది. మాట్లాడకండి, అరిగిపోతుంది, ఉన్నదాన్ని కాపాడుకుంటే ఆ డాక్టరు దొరికేసరికి కొంతైనా మిగులుతుంది. ఎవరూ చెప్పలేదు అలా చేయమని, ఎవరైనా చెప్పాలా, చినుగుతున్న గుడ్డని లాగకూడదని ఎవరైనా చెప్తారా? ఆయన తలూపాడు. సెలవు పెట్టాడు, బస్టాండులో ఇప్పుడు ఎవరో అమ్మాయి రికార్డు చేసిన గొంతు వస్తోంది. ఇంట్లో సైగలు మొదలయ్యాయి. నీళ్ళు కావాలంటే గ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. హాస్టల్లోంచి పాప ఫోన్ చేస్తే రిసీవర్ మీద గోటితో ఒకసారి కొడితే అవును, రెండుసార్లయితే కాదు. "నాన్నా, బాగున్నావా?" టక్. "అమ్మ తిడుతోందా?" టక్. "నేను రావాలా?" టక్ టక్. పాప అటు నవ్వుతుండేది, ఆ నవ్వు చివర ఏమవుతోందో ఫోన్లో తెలిసేది కాదు. ఒక్కోసారి ఆయన ఏదో చెప్పబోయి నోరు తెరిచేవాడు, ఈమె వేలు చూపించేది, పెదాల మీద. మూసుకునేవాడు. ఎన్నిసార్లు తెరిచాడు? ఏం చెప్పాలనుకున్నాడు? ఇన్నేళ్ళూ గుమ్మంలో విడిచిన మాటలు, చెప్పే తీరిక ఇప్పుడు దొరికి ఒక్కొక్కటే నోటిదాకా వస్తే, తను తలుపు దగ్గర కాపలా నిలబడి వెనక్కి తోసింది. పొద్దున డాక్టరమ్మ, మీరేం పని చేస్తారండీ అని ఆయన్ని అడిగితే కూడా ఆయన నోరు తెరిచేలోపే తను అందుకుంది, బస్టాండులో అనౌన్సరండీ, ఆయన మాట్లాడకూడదండీ, అని. డాక్టరమ్మ ఒక్క క్షణం తన వైపు అదోలా చూసింది. అప్పుడు ఆ చూపుకి గర్వపడింది.

చప్పుడు ఆగింది. దీపం ఆరింది. తలుపు తెరుచుకుని ఆయన గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు, ఒకటి తప్పిపోయి కాలరు ఒక వైపు ఎక్కువైంది. ఆమె లేచి గుండీలు విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టింది. ఆయన మెడ ఆమె వేళ్ళ వెనక ఉంది, వెచ్చగా, ఎప్పటిలాగే, పైకి ఏమీ తెలియడం లేదు.

"చలేసిందారా?" అంది అక్క. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కదిలావా?" మళ్ళీ అడ్డంగా. "పోనీలే, పెద్దవాడివయ్యావు," అంది ఆవిడ సంచీలోంచి దుప్పటి తీసి తమ్ముడి భుజాల మీద కప్పుతూ.

డాక్టరమ్మ భార్యాభర్తలిద్దర్నీ లోపలికి పిలిచింది. ఈసారి కళ్ళద్దాలు కళ్ళకే ఉన్నాయి. తెర మీద ఆయన మెడ, ఆయన గొంతు ఉన్న చోటు, ఇన్నాళ్ళూ ఊరంతా విన్నదాన్ని ఇప్పుడు మొదటిసారి చూస్తున్నట్టుంది. "ఈ తెల్ల గీత ఉందే, ఇదే ఆ చిప్ప. ఇటు నిండుగా ఉంది చూడండి. ఇటు వైపు..." ఆవిడ వేలు ఒక చోట ఆగింది. అక్కడ గీత లేదు. ఎలక కొరికిన గుడ్డ అంచులా ఉంది.

"దాటింది," అంది ఆమె.

"దాటింది. స్కాన్లు చూసే డాక్టర్ని కూడా పిలిచి చూపించాను. ఇద్దరికీ అదే కనబడింది."

"కొంచెమే కదండీ దాటింది. అయినా కరెంటు పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు. పెడితే కరుగుతుంది కూడా. కొన్నాళ్ళు గొంతు ఉంటుంది, మీరు సంతోషంగా ఇంటికి వెళ్తారు. కానీ ఇంతదూరం వచ్చినదాన్ని కరెంటుతోనే వదిలేస్తే మళ్ళీ వచ్చే భయమే ఎక్కువ. అప్పుడు కోయాలన్నా ఇప్పుడున్నంత వీలుండదు." ఆవిడ కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది. "మీరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కాదని చెప్పడం నాకు మాత్రం బాగుంటుందా? ఎక్కడ పడాలో గీయడమే కాదమ్మా, ఎవరికి పెట్టకూడదో చెప్పడం కూడా నా పనే."

"మేము అటూ ఇటూ తిరిగి ఆలస్యం చేయడం వల్లేనా?"

ఆవిడ వెంటనే కాదనలేదు. "చెప్పలేను. మొదటి రోజుకే దాటి ఉండొచ్చు. లేకపోవచ్చు. దానికి జవాబు నా దగ్గర లేదు, ఇంకెవరి దగ్గరా ఉండదు." తర్వాత ఆయన వైపు తిరిగింది. "మీరేమంటారు? గొంతు మీది."

ఆయన డాక్టరమ్మని చూడలేదు. గడ్డంతో ఈమెని చూపించాడు. అప్పుడు తెలిసిందామెకి. ఈ మనిషి సర్జన్ ముందు తలూపిన రోజే అన్నీ ఒప్పేసుకున్నాడు. ఎక్స్‌రే గదికి, చీకటి గదికి, ఈ నేల కిందికి, పిలిచిన చోటికల్లా వెంట వచ్చింది తన గొంతు కోసం కాదు. ఆమె ఒప్పుకునేదాకా ఆగుదామని. బెంచీ మీద బస్సు రాలేదని అబద్ధం ఆడుతూ కూర్చున్నవాళ్ళని లేచి రమ్మని తొందరపెట్టకుండా, పక్కనే నిలబడ్డాడు. మొగుడు కావాలా, మొగుడి గొంతు కావాలా. ఇన్నాళ్ళూ బాకీ పడ్డ జవాబు ఆమె నోట్లోనే ఉంది, ఆ గదిలో దాన్ని ఆమె తప్ప ఎవరూ చెప్పరు.

"తీసేయమనండి," అంది. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట, తలుపు బయట ఆడపడుచుకి కూడా వినిపించి ఉంటుంది. "మనిషి ఉంటే చాలు."

డాక్టరమ్మ ఫోన్ అందుకుంది. "నేనే. మీరు తేదీ ఇచ్చిన ఆ గొంతు పేషంటే. అవును, దాటింది. వీలైనంత ముందు తేదీ చూడండి, నేనే పంపిస్తున్నాను." ఫోన్ పెట్టేసి, "ఆపరేషన్ గాయం మానగానే మళ్ళీ ఇక్కడికే రావాలి. కోసిన చోట అంచుల్లో కంటికి కనిపించకుండా మిగిలేది ఉంటుంది, దాన్ని నేను చూసుకుంటాను. అప్పుడు పెడతాను కరెంటు," అంది. కాజా కోశాక అంచు పోగులు ఊడకుండా చుట్టూ కుట్టాలి కదా, అలాగన్నమాట అనుకుంది ఆమె, పైకి అనలేదు. "తర్వాత కొత్తగా మాట్లాడటం నేర్పేవాళ్ళున్నారు, నేర్చుకుంటారు. ఈ గొంతు మాత్రం కాదు. అది మీకు ఇప్పుడే చెప్పాలి."

"అందాకా గొంతుకి ఇంకా గట్టిగా రెస్టు ఇప్పిస్తానండి."

"రెస్టేంటి?"

"మాట్లాడనివ్వట్లేదండి. రెండు నెలల్నుంచీ. అరిగిపోకుండా."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోప్పడుతుందేమో అనుకుంది ఆమె. కోప్పడలేదు. "మాట్లాడకపోతే ఈ జబ్బు ఆగదమ్మా," అంది నెమ్మదిగా. "మాట్లాడితే పెరగదు. నొప్పి లేకుండా, ఆయాసం రాకుండా ఎంత మాట్లాడగలిగితే అంత మాట్లాడనివ్వండి."

బయట కారిడార్లో ముగ్గురూ లిఫ్టు వైపు నడిచారు. కొంతదూరం పోయాక ఆయన ఆగాడు. నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. గొంతు సవరించుకున్నాడు, దగ్గాడు, మళ్ళీ తెరిచాడు. ఆమె వేలు అలవాటుగా పైకి లేచింది, లేచిన వేలుని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకుంది.

"ఉప్పు," అన్నాడు. ఇసకలో చక్రం ఈడ్చినట్టుంది ఆ గొంతు.

"ఏంటి?"

"కూరలో. రెండు నెలలైంది ఉప్పు సరిగ్గా పడి."

"వార్నీ!" అంది అక్క. "నోరు తెరిచి మొదటి మాట అదిట్రా? నేను చెప్తూనే ఉన్నాను దీనికి, నా మాట వింటేగా."

ఆయన ఆగలేదు. మెల్లగా, ప్రతి మాట ముందూ కాస్త నిలబడి, చెప్తూనే ఉన్నాడు. మంచం పక్క ఫ్యాను కిర్రుమంటోందట, నూనె వేయమని చెప్పాలని ఎన్ని రాత్రుళ్ళో అనుకున్నాడట. పాప మొన్న ఫోన్లో ఏడ్చిందట, నీకు చెప్పొద్దందట. బస్టాండులో ఆ రికార్డు పిల్ల ఊరి పేరుకీ ప్లాట్‌ఫాం నంబరుకీ మధ్య ఊపిరి తీసుకోవడం లేదట, ముసలివాళ్ళు ఎటు పరిగెత్తాలో తెలియక తికమకపడుతున్నారట, వెళ్ళి చెప్పాలట. లిఫ్టు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఆడపడుచు ఎక్కి, సంచీ అడ్డంపెట్టి, "రండి, మూసుకుపోతుంది," అని పిలిచింది.

"మీరు పదండి వదినా," అంది ఆమె. "మేము తర్వాత దాంట్లో వస్తాం."

తలుపులు మూసుకున్నాయి. ఆమె ఆయన వైపు తిరిగి గోడకి ఆనుకుని నిలబడింది.

"ఊఁ, ఇంకా?" అంది.